గీత దాటిన కాలు

ఎండలు ముదిరాక ఆ అడవిలో నీళ్లుండేది ఒక్క మడుగులోనే. దానికోసం కొట్టుకు చావకుండా ఏనుగు ఒక పద్ధతి పెట్టింది. గడ్డి తినేవాళ్లకీ మాంసం తినేవాళ్లకీ ఏటా ఫుట్‌బాల్ పోటీ. గెలిచినవాళ్లదే మడుగు. ఓడినవాళ్లు కొండ దిగి వాగుదాకా నడవాల్సిందే. గీత బయటివాడు బంతి తాకితే మాత్రం వాడి జట్టు ఓడినట్టే.

కొమ్మన్న అనే దుప్పి ఆడినన్నాళ్లూ మడుగు గడ్డి తినేవాళ్లదే. మోకాలు చెడ్డాక అతన్ని కోచ్‌ని చేశారు. ఆ గౌరవం అతనికి మింగుడుపడలేదు. పిల్లలకి ఒక్కసారి బంతి తన్ని చూపించమంటే పొద్దుగూకేదాకా తనే తన్నేవాడు.

"మామా, మమ్మల్నీ కాస్త తన్ననియ్యి," అనేది కెప్టెన్ చుక్కి. అదో కుర్ర లేడి.

"చూసి నేర్చుకోవే. ఇలాంటి తన్ను మళ్లీ చూడవు."

"నేను గెలవాలి మామా. మా చెల్లి ఇంకా సరిగా నిలబడలేదు. వాగుదాకా ఎలా నడుస్తుంది?"

"నేనున్నాగా!" అని మళ్లీ బంతి అందుకునేవాడు.

అవతలి జట్టు కెప్టెన్ నక్క. కొమ్మన్న కాలి సంగతి దానికి తెలిసినంత అతని పెళ్లానికీ తెలియదు.

పోటీలో రెండు జట్ల గోల్సూ సమానం. ఆట ముగియబోతోంది. బంతి నక్క దగ్గరుంది, చుక్కి వెనకే తరుముతోంది. ఇంకో అంగ వేస్తే లాగేసుకునేదే. నక్క గీత పక్కన నిలబడ్డ కొమ్మన్న వైపు మళ్లింది.

"బావా, నీ రోజుల్లో ఇలాంటి బంతి వదిలేవాడివా?" అంటూ మెల్లగా అతని కాళ్ల ముందుకి దొర్లించింది.

"ముట్టుకోకు మామా!" చుక్కి అరిచింది.

కాలు లేచింది. బంతి గాల్లో వంపు తిరిగి గోల్లో పడింది. అంత అందమైన గోల్ ఆ అడవి చూడలేదు. కొమ్మన్న నవ్వాడు కూడా. అప్పుడు ఏనుగు ఈల ఊదింది.

"గోల్ బ్రహ్మాండం కొమ్మన్నా. మీవాళ్లు ఓడిపోయారు."

"ఆడేటప్పుడు నిన్నెన్నడూ ఓడించలేకపోయాను బావా," అంది నక్క. "నిన్ను కోచ్‌ని చేసి మీవాళ్లే పుణ్యం కట్టుకున్నారు."

నక్కని అనడానికేం లేదు, దాని పని అది చేసుకుంది.

మంద వాగు దారి పట్టింది. సగం దూరంలో చుక్కి చెల్లి కూలబడింది. "నేను మోస్తా," అని కొమ్మన్న వంగాడు. మోకాలు నిలవలేదు.

"పక్కకి జరుగు," అంది చుక్కి. మామా అనలేదు.

నేర్పాల్సినవాడు తన ముచ్చట తీర్చుకుంటే, దాహం పిల్లలకి మిగులుతుంది.