అన్నగారి అచ్చు

"గురువుగారూ, గుండ్లు పోసే అచ్చులన్నిటిలోకీ మంచిది ఏది?" అని నరసింగరాజు అడిగినప్పుడు అప్పలాచారి తల కూడా ఎత్తలేదు. సాలూరు కొండల కింద తుపాకులు బాగుచేస్తూ, కోరి వచ్చినవాళ్ళకు గురి నేర్పే ఆ ముసలాయనకు మాటకు మాట జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేం అడిగినా వాళ్ళ చేతికే ఏదో ఒక పని అప్పగించేవాడు.

నరసింగరాజు ఊసుపోక అడగలేదు. అతని అన్న అచ్యుతరాజు కిందటేడు జ్వరంతో పోయాడు. ఆయన కాల్చిన గుండు చూపు ఆనిన చోటికే వెళ్ళేదని ఆ చుట్టుపక్కల చెప్పుకునేవారు. ఆయన తుపాకీని సర్కారుకు అప్పగించాల్సి వచ్చింది. సీసం కరిగించి గుండ్లు పోసుకునే ఇనప అచ్చు ఒక్కటే తమ్ముడికి మిగిలింది. అన్న తుపాకీ కొలతే అని అమ్మినవాడు అంటే నమ్మి నరసింగరాజు వేరే తుపాకీ కొన్నాడు. అమ్మేవాడెవడూ తన పెరుగు పుల్లనిదనడు కదా. అన్న అచ్చులోనే గుండ్లు పోశాడు, అన్న నిలబడ్డట్టే నిలబడ్డాడు, చివరికి అన్నలాగే ఊపిరి బిగబట్టాడు. గుండు మాత్రం ఓసారి ఎడమకు, ఓసారి కుడికి పోయేది. మొన్న ఒక కణుజు దుప్పి డొక్కలో దెబ్బతిని, నెత్తురోడుతూ వెదుళ్ళలోకి పోయింది. పొద్దుగూకేదాకా వెతికినా దొరకలేదు. అప్పటినుంచి అతనికి అన్నం సయించడం లేదు. మళ్ళీ ఇలా జరిగితే తుపాకీ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. కానీ అన్న చెయ్యి పట్టి నేర్పిన విద్య అదొక్కటే. అదీ పోతే అన్న తనకు ఏ విధంగానూ మిగలడని ఒకటే బెంగ.

ఆచారి ఒక మెత్తటి సీసపు ముద్దా కర్ర సుత్తీ అతని ముందు పెట్టాడు.

"దీన్ని మీ తుపాకీ గొట్టంలోకి కొట్టండి బాబూ. ఆ చివరినుంచి బయటికి రావాలి."

నరసింగరాజు గొట్టానికి నూనె రాసి, కడ్డీ ఆనించి, చెమటలు కక్కుతూ కొట్టాడు. ముద్ద బయటపడేసరికి గుండు తిరుగుతూ పోవడానికి గొట్టం లోపల చెక్కిన మెలికల గాళ్ళన్నీ దాని ఒంటిమీద దిగి ఉన్నాయి. ఆ ముద్ద బిగుతుగా పట్టేలా ఆచారి ఇత్తడి రేకుకు కన్నం వేశాడు.

"ఇదీ మీ గొట్టం కొలత. ఇప్పుడు అన్నగారి అచ్చులో పోసిన గుండు పెట్టి చూడండి."

పెట్టాడు. అది ఆగనైనా ఆగకుండా కన్నంలోంచి జారి నేలమీద పడింది. గొట్టంలోనూ అది అంత వదులే, మెలికలు పట్టక ఎటుపడితే అటు పోతోంది.

నరసింగరాజు అచ్చును ఒళ్ళోకి తీసుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇక దుఃఖం ఆగలేదు.

"అయితే అన్నయ్య అచ్చు అవతల పారెయ్యమంటారా?"

"అదేటి బాబూ, అంత మాట!" అన్నాడు ఆచారి. "మీ అన్నగారూ ఒకప్పుడు మీ నాన్నగారి అచ్చు పట్టుకుని ఇక్కడే కూర్చుని ఏడ్చారు."

"దాన్నేం చేశాడు?"

"దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. ఏడుపు తీరాక వచ్చి, మీ చేతిలో ఉన్న ఈ అచ్చు చేయించుకున్నారు."