గిజిగాడి ఇంటికి అరుగెందుకు లేదు?

ఒకప్పుడు గిజిగాడి గూడు ఇప్పటిలా చెట్టుకి వేలాడే సొరకాయలా ఉండేది కాదు. వెడల్పుగా మూకుడులా ఉండేది. పైన కప్పు లేదు. చుట్టూ మాత్రం నలుగురు కూర్చోడానికి వీలుగా మందపాటి అంచు ఉండేది. పిట్టలన్నీ ఆ అంచుని అరుగు అని పిలుచుకునేవి.

ఆ రోజుల్లో పిట్టల్లో ఒక ఆచారం ఉండేది. ఏ ఇంట్లోనైనా ఇల్లాలు గుడ్లు పెట్టబోతోందని తెలిస్తే చాలు, చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి ఆ అరుగు మీద కూర్చోవాలి. ఒక్కొక్కరూ ఒక్కొక్క సలహా చెప్పాలి. ఇల్లాలు వాళ్ళకి గింజలు పెట్టాలి. సలహా చెప్పకుండా లేచి వెళ్తే ఆ ఇంటికి అవమానం. గింజలు పెట్టకపోతే ఆ ఇల్లాలికి పొగరు. చెప్పిన సలహా పనికొస్తుందా అని చూసుకోవడం మాత్రం ఆచారంలో లేదు.

ఒక ఊరి పక్కన పారే గెడ్డ ఒడ్డున ఈతచెట్టు ఉంది. నీళ్ళ మీదికి వంగిన ఈతమట్టకి గూడు కట్టుకుని నూకాలు అనే గిజిగాడి పిట్ట కాపరం ఉండేది. ఆమె మొగుడు పైడిరాజు. తలంతా పచ్చగా పసుపు రాసినట్టుండేవాడు. గూడు అల్లడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ సంగతి అతనే రోజుకి పదిసార్లు చెప్పేవాడు.

నూకాలుకి తొలికాన్పు. కడుపులో మూడు గుడ్లున్నాయి. ఆమెకి కావలసింది ఎక్కువేం కాదు. కాస్త తిండి, కాస్త నిద్ర, మూడు గుడ్లూ పిల్లలై కళ్ళు తెరవడం. అంతే.

ఆ కబురు పొద్దున్న తెలిసింది. మధ్యాహ్నానికి అరుగు నిండింది.

ముందుగా కాకి వచ్చింది. వరసకి పెద్దమ్మ. ఎవరికైనా పెద్దమ్మే.

"ఓలమ్మ! ఇలా చిక్కిపోయావేటే? కడుపులో ముగ్గురున్నారు, నువ్వొక్కదానివీ. నలుగురి తిండి నువ్వే తినాల!" అంది. నలుగురి తిండి ఎలా తినాలో తెలియాలి కదా పాపం, అందుకని ఆ రోజు ఇంట్లో ఉన్న గింజలన్నీ తానే తిని చూపించింది.

సాయంత్రం పావురం పిన్ని వచ్చింది. "ఎవరే నిన్ను తినమన్నది? తింటే గుడ్డు బలిసిపోద్ది. బలిస్తే బయటికి రాదు. పూటకి రెండు గింజలు చాలు" అంది. ఈ పావురం పిన్ని ఇల్లు మీరు చూసే ఉంటారు. నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి దాన్నే గూడు అంటుంది. గుడ్డు దొర్లిపోతే, ఆ గుడ్డుకే స్థిమితం లేదంటుంది.

నూకాలు మంచిది. అదే ఆమెకి వచ్చిన చిక్కు. ఒకరి మాట విని ఇంకొకరి మాట వినకపోతే ఏం బాగుంటుందని అందరి మాటా వినేది. పొద్దున్న నలుగురి తిండి తినేది. సాయంత్రం రెండే రెండు గింజలు తిని పడుకునేది. ఇక తెల్లవార్లూ కడుపులో గడబిడే.

మర్నాడు కొంగ మామ వచ్చాడు. "కడుపుతో ఉన్నవాళ్ళు కదులుతూ ఉండాలమ్మా. ఒక్కచోట ఉండిపోకూడదు" అన్నాడు. చెప్పి వెళ్ళి, గెడ్డలో ఒంటికాలి మీద సాయంత్రం దాకా కదలకుండా నిలబడ్డాడు.

నూకాలు కొమ్మ కొమ్మకీ తిరిగింది. రెక్కలు లాగేశాయి. కాస్త సాయం చెయ్యమని మొగుణ్ణి అడిగింది.

"ఇల్లు కట్టి ఇచ్చాను కదే, ఇంకేటి సెయ్యాల?" అన్నాడు పైడిరాజు. ఆ మాట అంటూనే అరుగు ఇంకో వేలెడు వెడల్పు చేశాడు. వచ్చేవాళ్ళకి ఇరుకుగా ఉందిట.

గుడ్లు పెట్టింది నూకాలు. మూడూ తెల్లగా, నున్నగా ఉన్నాయి. వాటిని చూస్తే ఆమెకి కడుపు నిండిపోయింది. రెక్కలు విప్పి వాటి మీద కూర్చుంది.

అప్పుడు ఊళ్ళోంచి కోడి అత్త వచ్చింది. గంప కింద పొదిగి పొదిగి పండిపోయిన మనిషి, అదే, పండిపోయిన కోడి.

"ఇరవై ఒక్క రోజులు కదలకుండా కూకో. రెక్క కదిపావా, గుడ్డు మురిగిపోయినట్టే. ఇరవయ్యో రోజున పిల్ల వచ్చినా నేనొప్పుకోను!" అంది.

"మరి తిండి, అత్తా?" అని అడిగింది నూకాలు.

"నాకు గంప దగ్గరికే నూకలు తెచ్చి పోస్తారే! నీకు పొయ్యరేటి?" అని కోడి ఆశ్చర్యపోయింది. తరవాత మెడ చాచి, "ఇంతకీ నాకేటి పెడతన్నావు?" అంది.

గింజలు పెట్టాలంటే పొలానికి వెళ్ళాలి. పొలానికి వెళ్తే గుడ్లు వదలాలి. వదిలితే మురిగిపోతాయని అన్నదీ ఆవిడే, పెట్టమని అడిగిందీ ఆవిడే. నూకాలు వెళ్ళింది. ఏం చేస్తుంది? పొగరుమోతు అనిపించుకోవాలా?

చివరికి కోయిల వచ్చింది. అందరూ జరిగి ఆమెకి అరుగు మధ్యలో చోటిచ్చారు. పిల్లల పెంపకం గురించి చెప్పాలంటే కోయిల తరవాతే ఎవరైనా. గొంతు అంత బాగుంటుంది మరి. తన పిల్లల్ని ఒక్కపూట కూడా పెంచి ఎరగదు. గుడ్డు కాకి ఇంట్లో పెట్టి వస్తుంది. పక్కనే కూర్చున్న కాకి పెద్దమ్మకి ఆ సంగతి ఇప్పటికీ తెలీదు.

"పిల్లల్ని పెంచడం చాలా సులువమ్మాయ్" అంది కోయిల. "నాకు ఏనాడూ కష్టమనిపించలేదు. నిద్ర పాడవలేదు. గొంతు పాడవలేదు. మీ కాలం పిల్లలు ఊరికే కంగారు పడిపోతున్నారు."

అలా రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. నూకాలు రోజూ పొలానికి పరుగెడుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం గింజలు నోట కరుచుకుని వచ్చి చూస్తే, అరుగు మీద అయిదుగురూ కబుర్లలో ఉన్నారు. మధ్యలో గుడ్లు మూడూ చల్లబడి ఉన్నాయి.

నూకాలు గింజలు అక్కడే వదిలేసి గుడ్ల మీద వాలింది. ఒంట్లో ఉన్న వేడంతా వాటికి పట్టించింది. చెవి ఆన్చి విన్నది. చాలాసేపటికి ఒక గుడ్డు లోపల చిన్నగా కదిలింది. తరవాత రెండోది కదిలింది. మూడోది మాత్రం సాయంత్రం దాకా కదలలేదు. ఆ సాయంత్రం దాకా ఆమె పడిన బాధ శత్రువుకి కూడా వద్దు.

"గింజలేవీ? కింద పడిపోయినట్టున్నాయే" అంది పావురం పిన్ని.

పదిహేనో రోజున గుడ్లు చిట్లాయి. ముగ్గురు పిల్లలు పుట్టారు. మూడోది మరీ చిన్నది. ఒంటి మీద నూగు కూడా లేదు. నోరు మాత్రం ఒంటికంటే పెద్దది.

"పదిహేను రోజులకేనా! ఇంకా ఆరు రోజులుంది. ఎవరు రమ్మన్నారీ గుంటల్ని?" అని కోడి అత్త కోప్పడింది. పిల్లలు ఆవిడ మాట లెక్కచెయ్యలేదు. లోకంలో ఆవిడ మాట లెక్కచెయ్యనివాళ్ళు వాళ్ళే మొదలు.

పిల్లల్ని చూడ్డానికి అయిదుగురూ ఒకేసారి వచ్చారు. అరుగు గుండ్రంగా ఉంది, అయిదుగురికీ చోటుంది. కానీ ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ. ఎండలో ఎవరు కూర్చుంటారు? కాకి, పావురం, కొంగ, కోడి, కోయిల అందరూ నీడ పక్కనే సర్దుకున్నారు. ఈతమట్ట ఊగింది.

"పెద్దమ్మా, కాస్త అటు జరగండి. బరువంతా ఒక పక్కకే వచ్చేసింది" అంది నూకాలు.

"మమ్మల్నే జరగమంటావేటి? పిల్లలు పుట్టగానే మాటలొచ్చాయే!" అంది కాకి. తరవాత అయిదుగురూ పిల్లలకి ఎవరి పోలిక వచ్చిందో తేల్చడానికి ఒక్కసారిగా ముందుకి వంగారు.

గూడు ఒరిగింది. పెద్దవి రెండూ గడ్డిపోచలు పట్టుకుని ఆగాయి. చిన్నది జారింది. అరుగు మీద నుంచి దొర్లి కిందికి, గెడ్డలోకి పడిపోయింది.

నూకాలు కేక పెట్టింది. రాయి పడ్డట్టు కిందికి దూకింది.

గెడ్డలో గౌరి అనే గేదె పడుకుని ఉంది. పొద్దున్నుంచీ అక్కడే ఉంది. ఎవరికీ ఏ సలహా చెప్పలేదు. పిల్ల సరిగ్గా దాని వీపు మీద పడింది. బురద మెత్తగా ఉండటంతో దెబ్బ తగల్లేదు. నోరు తెరిచి "కీ" అంది. ఆకలి మరి.

పైన అరుగు మీద అప్పుడే గొడవ మొదలైంది.

"నలుగురి తిండి తినుంటే పిల్లకి బలం ఉండేది."

"ఎక్కువ తింది కాబట్టే బరువుకి పడిపోయింది."

"నే చెప్పలేదూ, ఇరవై ఒక్క రోజులని!"

కింద గేదె మెల్లగా తల తిప్పి నూకాల్ని చూసింది. దానికీ మూడు కాన్పులయ్యాయి. చెప్పాలంటే దాని దగ్గరా బోలెడు కబుర్లుంటాయి. ఒక్కటీ చెప్పలేదు.

"నువ్వు తిన్నావేటే, అమ్మా?" అని అడిగింది.

ఇన్నాళ్ళూ ఆ మాట నూకాల్ని ఎవరూ అడగలేదు. ఏం తినాలో చెప్పినవాళ్ళే అందరూ. ఆమె గేదె వీపు మీదే కూలబడి ఏడ్చేసింది.

"ఏడు, ఏడు. కానీ నా ఒంటినిండా గడ్డిగింజలు అంటుకున్నాయి. ఏడుస్తా తిను. గుంటని నేను చూస్తాను" అంది గౌరి. నూకాలు కడుపునిండా తినేదాకా తోక కూడా కదపలేదు. ఈగలు ముసిరినా ఓర్చుకుంది. తరవాత పిల్లని కొమ్ముల మధ్యకి ఎక్కించమంది. లేచి నిలబడి, వంగిన ఈతమట్ట దాకా మెడ చాచింది. నూకాలు, ఆమె కేక విని ఎగిరొచ్చిన పైడిరాజు కలిసి పిల్లని లోపలికి లాగారు. అప్పటిదాకా గూటి గొప్ప చెప్పుకుంటూ తిరిగిన పైడిరాజు ఒరిగిన అరుగుకేసి, కింద నీళ్ళకేసి మార్చి మార్చి చూశాడు.

అరుగు ఖాళీ అయ్యాక నూకాలు మొగుణ్ణి పిలిచింది.

"ఈ అరుగు తీసెయ్" అంది.

"అరుగు లేని ఇల్లుంటదేటే? నలుగురూ ఏటనుకుంటారు?"

"అనుకోనీ. అల్లదిగో ఆ తుమ్మచెట్టు మీద కూకుని అనుకోమను. పైన కప్పు అల్లు. చుట్టూ గోడ అల్లు. గుమ్మం కిందికి, నీళ్ళకేసి పెట్టు."

"కిందికా! మనమెలా వెళ్తాం?"

"పిల్లలకి తిండి తెచ్చేవాళ్ళం ఎలాగైనా వెళ్తాం. ఊరికే కూచోడానికి వచ్చేవాళ్ళకే గుమ్మం పక్కన చోటు కావాల" అంది నూకాలు.

పైడిరాజు వెంటనే పనిలోకి దిగాడు. ఆ చిన్నపిల్ల "కీ" అన్న చప్పుడు ఇంకా అతని చెవుల్లో ఉంది. మూడు రోజులు కూర్చోకుండా అల్లాడు. అరుగు పీకి కప్పు వేశాడు. గోడ దించాడు. గుమ్మం కిందికి తిప్పి, దానికి సన్నటి పొడుగాటి గొట్టం అల్లాడు. గూడు గాలికి ఊగిపోకుండా లోపల తడిమట్టి మెత్తాడు.

నాలుగో రోజు అయిదుగురూ వచ్చారు. కాకి పెద్దమ్మ అలవాటుగా వాలబోయి జర్రున జారి గెడ్డలో పడింది. మిగతావాళ్ళు తుమ్మచెట్టు మీద వాలారు.

"గుమ్మం కింద పెట్టారేటి? అరిష్టం!"

"గాలి ఎలా ఆడుతుంది?"

"పిల్లలకి లోకం ఎలా తెలుస్తుంది?" ఇది కోయిల అడిగింది.

గొట్టంలోంచి నూకాలు ముక్కు మాత్రం బయటికి పెట్టింది. "అత్తా, పిన్నీ, ఒడ్డున గింజలు పెట్టాను. తినేసి బేగి ఇళ్ళకెళ్ళండి. లోపల పిల్లలు పడుకున్నారు" అంది. ముక్కు లోపలికి పోయింది. ఎంత అరిచినా గడ్డిగోడ దాటి మాట లోపలికి వెళ్ళలేదు. లోపల ముగ్గురు పిల్లలూ, వాళ్ళమ్మా హాయిగా నిద్రపోయారు. వారం తిరిగేసరికి ఆ చిన్నదే అందరికంటే ముందు కళ్ళు తెరిచింది.

ఈ కబురు గిజిగాడి పిట్టలన్నిటికీ పాకింది. ఆడపిట్టలన్నీ నూకాలు ఇల్లు చూసి వెళ్ళాయి. వెళ్ళి మొగుళ్ళతో మాట్లాడాయి. ఏం మాట్లాడాయో మీరు ఊహించుకోవచ్చు.

అప్పటినుంచే గిజిగాడి గూడు నీళ్ళ మీద వేలాడుతోంది. అప్పటినుంచే దాని గుమ్మం కిందికి తిరిగి ఉంది. అప్పటినుంచే మగపిట్ట సగం అల్లగానే ఆడపిట్ట వచ్చి, లోపలికి వెళ్ళి, గోడలు ముక్కుతో లాగి చూస్తుంది. ఎక్కడైనా ఒకరు కూర్చోడానికి చోటు మిగిలిందా అని వెతుకుతుంది. మిగిలితే మాట్లాడకుండా ఎగిరిపోతుంది. చెట్ల మీద సగం అల్లి వదిలేసిన గూళ్ళు కనిపిస్తాయే, అవన్నీ అలాంటివే. వాటి కింద కూర్చున్న మగపిట్టని అడిగి చూడండి. ఇంత మంచి ఇల్లు ఎందుకు నచ్చలేదో తనకి అర్థం కాలేదనే అంటాడు.