మబ్బుల్లో రథం

మబ్బులు నేలకు దిగి నిద్రపోయే కొండరాజ్యం ఒకటి ఉండేది. ఆ మబ్బుల్లో రథం తోలుకుంటూ పోతే కలలో తేలినట్టే ఉంటుందని దాని రాజు మురిసిపోయేవాడు. పోయిన వానాకాలంలో అలా తేలుతూనే లోయ అంచున బోల్తాపడి, ఒక చెట్టుకొమ్మ దొరకబుచ్చుకుని బతికిపోయాడు.

అందుకే కమ్మరి గవరయ్య, కొత్త రథంలో కూర్చునే చోటు చుట్టూ, తల మీదుగా, లావుపాటి ఇనుప కమ్ములు వంచి బిగించాడు.

"రథం పల్టీకొట్టినా ఈ గూడు నలగదు. లోపల ఏలినవారు పదిలం," అన్నాడు.

రాజుగారి బావమరిది వీరభుజుడు పకపకా నవ్వాడు. "బావగారూ, పంజరంలో చిలకలా ఉంటారు! పరువు పోతుంది, పీకించెయ్యండి."

రాజు ముఖం చిన్నబోయింది. "పీకెయ్ గవరయ్యా."

"చిత్తం. కానీ తమకు తెలియని ఆచారమా? కొత్త రథం తొలిసారి కొండ దిగేటప్పుడు, దాన్ని తీర్చినవాడు తమ పక్కన కూర్చోవాలి. కమ్ములుంటే నేను కూర్చుంటాను. తీసేస్తే అది బావమరిదిగారు తీర్చిన రథం. వారినే ఎక్కమనండి."

వీరభుజుడు దారి వంక చూశాడు. తెల్లటి మబ్బు మెల్లగా లోయలోకి జారిపోతోంది. అడుగెక్కడో కనబడలేదు.

"బావగారూ," అన్నాడు, "తేరిపార చూస్తే కమ్ములు అందంగానే ఉన్నాయండీ."

రాజు కలలోంచి లేచినట్టు అతనివైపు తిరిగాడు.

"ఇందాక నేనొక్కణ్ణే ఎక్కుతానని నువ్వనుకున్నప్పుడు ఏమైంది ఆ అందం?"