అంకమ్మ తెరిచిన తూము

"కోపాన్ని జయించడం ఎలా గురువుగారూ?" అని సాంబయ్య అడిగాడు. అతను కుమ్మరి. ఆ ఉదయమే అన్నతో గొడవపడి వచ్చాడు. పరంధామయ్యగారు సూత్రాలు వల్లించే మనిషి కాదు. తను నడివయసులో సొంత ఊళ్లో ఉండగా జరిగిన సంగతి చెప్పారు.

ఆ ఊరి వాగుకు అడ్డంగా చిన్న మట్టికట్ట ఉండేది. వరదను కాసేపు ఆపి, అడుగున ఉన్న తూము గుండా మెల్లగా వదలడానికి వేసిన కట్ట అది. మిగతా రోజుల్లో ఖాళీగా ఉంటేనే ఊరికి రక్ష. కట్ట కింద పల్లంలో నలభై గుడిసెలు. కట్ట లేని రోజుల్లో వచ్చిన వరదలో అక్కడి అంకమ్మ రెండేళ్ల కూతురు కొట్టుకుపోయింది. కట్ట వేసినప్పుడు అందరికంటే ఎక్కువ మట్టి మోసింది ఆవిడే.

కట్ట వేసిన మూడో ఏడు భుజంగరావు అనే మోతుబరి తన చెరకు తోట కోసం తూముకు చెక్కలు బిగించి నీళ్లు నిలబెట్టాడు. అంకమ్మ వెళ్లి చేతులు జోడించి అడిగింది. "చూద్దాంలే" అన్నాడు. మళ్లీ వెళ్తే, "కట్ట మీ అబ్బ సొత్తా?" అన్నాడు. ఊరిపెద్దల దగ్గరికి వచ్చి మొత్తుకుంది. "ఆవేశం వద్దమ్మా, ఓపిక పట్టు, నిదానంగా చెబుదాం" అని ఆవిడను పంపేసింది ఆ పెద్దల్లో ఒకరైన పరంధామయ్యగారే.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం కుండపోత కురిసింది. అప్పటికే నిండుగా ఉన్న కట్ట మీదికి వాగు విరుచుకుపడింది. నీళ్లు కట్ట పైఅంచుకు జానెడు దూరంలోకి వచ్చాయి. అంకమ్మ గడ్డపార తీసుకుని తూము దగ్గరికి దిగింది. భుజంగరావు మనుషులు ఇద్దరు అడ్డం నిలబడ్డారు.

"ఈ వాగు నా బిడ్డను మింగింది చాల్లేదా? జరక్కపోతే మీ తలలు పగలగొడతాను!"

వాళ్లు జరిగారు. ఆవిడ చెక్కలు పెళ్లగించింది. నీటి ఉరవడికి ఒక చెక్క ఎగిరొచ్చి చెయ్యి విరగ్గొట్టింది. సాయంత్రానికి మట్టం దిగింది. కట్ట నిలిచింది. పల్లంలో ఒక్క గుడిసె కూడా పడలేదు.

మర్నాడు పెద్దలు ఆవిడను పిలిపించారు. "ఏమీ జరగలేదు కదా! మగవాళ్ల మీదికి గడ్డపార ఎత్తుతావా? క్షమాపణ చెప్పు" అన్నారు.

కట్టు కట్టిన చేతితో అంకమ్మ వాళ్లను ఒక్కొక్కరినే చూసింది. "కట్ట తెగి మావాళ్లు పదిమంది పోయుంటే, ఇవాళ మీరంతా నా పక్కన కూర్చుని ఏడ్చేవాళ్లు. తెగలేదు కాబట్టి గయ్యాళినయ్యాను. చెప్పను" అని వెళ్లిపోయింది. పల్లం వాళ్లు ఆ చెక్కల్ని అక్కడే తగలబెట్టారు. భుజంగరావు మళ్లీ తూము జోలికి రాలేదు.

సాంబయ్య మెల్లగా, "అంత జరుగుతున్నా ఆనాడు మీరు అంత శాంతంగా ఎలా ఉండగలిగారు గురువుగారూ?" అన్నాడు.

"నా ఇల్లు మెరక మీద ఉండేది నాయనా" అన్నారు పరంధామయ్యగారు.