చిన్న అక్షరాల్లో ఉన్న పేరు

కోట ముట్టడిలో చనిపోయిన వాళ్లందరి పేర్లూ రాతి మీద చెక్కించమని రాజు ఆజ్ఞాపించాడు. ముట్టడినాడు కోటలో ఉన్నవాళ్లందరి పేర్లూ రాసి ఉంచిన తాటాకు కట్టలు వెతికి, చనిపోయినవాళ్ల పేర్లు తీసే పని ఆస్థాన లేఖకుడు మాచన్నది. గోడ మీదికి నీళ్లు మోస్తూ బాణం తగిలి చనిపోయిన ఎర్రడి పేరు మాత్రం రాతికి ఎక్కలేదు.

ఎర్రడి భార్య ఈరమ్మ సభకొచ్చి మొర పెట్టుకుంది.

"కట్టలన్నీ వెతికాను. ఆ పేరు ఎక్కడా లేదు. నీ మొగుడు కోటలోనే లేడు," అన్నాడు మాచన్న.

ఈరమ్మకు చదువు రాదు. అయినా దొరల పేర్లు పెద్ద అక్షరాల్లో, కూలివాళ్ల పేర్లు చిన్న అక్షరాల్లో రాస్తారని ఆమె విని ఉంది.

"ప్రభూ, ముట్టడినాడు ఈ అయ్యగారు కోటలోనే ఉన్నారు. నా చేత్తోనే అంబలి పోశాను. నా మొగుడి పేరు వెతికినట్టే, ఆయన పేరు కూడా వెతకమనండి."

రాజు తలూపాడు. మాచన్న ఆ ఏటి కట్టలు మళ్లీ విప్పాడు. తన పేరు కనబడలేదు.

"అయితే అయ్యగారు కూడా కోటలో లేనట్టేనా?" అని అడిగింది ఈరమ్మ.

మాచన్న కట్ట కింద పెట్టాడు. "ప్రభూ, అప్పట్లో నేను లేఖకులకు తాటాకులు మోసే నౌకరుని. నా పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను వెతికింది పెద్ద అక్షరాలే."



"ఇకమీదట అక్షరం ఎంతుందో చూడకు. పేరు చూడు," అన్నాడు రాజు.

సాయంత్రానికల్లా ఎర్రడి పేరు దొరికింది. దానితోపాటు మరో ఇరవై ముగ్గురివి బయటపడ్డాయి. రాతి మీద చెక్కించే ముందు మాచన్న వాటిని సభలో చదివాడు. ఎర్రడి పేరు మొదటే వచ్చినా ఈరమ్మ కదల్లేదు. చివరి పేరు వినేదాకా చేతులు జోడించుకుని అలాగే నిలబడింది.