అత్తచీలికలో వావిలి మండ

గువ్వలకొండ మీది స్వామిని చూడవచ్చే భక్తులు కింద గూడెం దగ్గర బస్సు దిగి, వాగు దాటి, అడవిలో కాలిబాట పట్టాలి. ఈ మధ్య పట్నాల నుంచి వీపున సంచులు తగిలించుకుని కొండ ఎక్కే సరదాతో వచ్చే పిల్లలు కూడా ఈ బాటనే నడుస్తున్నారు. సగం కొండ ఎక్కాక బాట రెండుగా చీలుతుంది. కుడిచేతి బాట ఇరుకు, రాళ్ళమయం. స్వామి దగ్గరకు పోయేది అదే. ఎడమచేతి బాట వెడల్పుగా, నునుపుగా, రమ్మని పిలిచినట్టే ఉంటుంది గానీ, కొంత దూరం పోయి లోయ అంచున ఆగిపోతుంది. ఆ చీలిక దగ్గర పసుపు పూసిన నిలువురాయే అత్తచీలిక అమ్మవారు. ఆమెకు గుడి లేదు, కప్పు లేదు. కట్టిస్తామని వచ్చినవాళ్ళను గూడెంవాళ్ళు వద్దని పంపేశారు.

పూర్వం ఇక్కడ గూడెంలో ఈదమ్మ అనే పెద్దామె, ఆమె కోడలు లింగి ఉండేవారు. ఈదమ్మ ఒక్కగానొక్క కొడుకు బయ్యన్న తేనె కోసం కొండ మీదికి పోయి, జ్వరంతో గుహలో పడిపోయాడని, దిగి వచ్చినవాళ్ళు చెప్పారు. లింగి గబగబా జొన్న జావ కాచి ముంత నెత్తిన పెట్టుకుంది. బిడ్డను చూడందే నిలవలేనని ఈదమ్మ కూడా చేతికర్ర పుచ్చుకుని బయలుదేరింది. లింగికి అది మొగుడి వెంట తిరిగిన బాటే. ఈదమ్మ మాత్రం ఏనాడూ వాగు దాటి పైకి ఎక్కలేదు.

వాగు దాటి కాస్త ఎక్కేసరికి ఈదమ్మకు మోకాళ్ళు పట్టేశాయి.

"అత్తా, నీ నడకకు తాబేలు కూడా జాలిపడుద్ది" అంది లింగి.

"నీ మొగుణ్ణి మోసి మోసి అరిగిన కాళ్ళే ఇవి. నాకోసం నిలబడితే జావ చల్లారుద్ది. నువ్వు పో. చీలిక కాడ మండ వెయ్యి, చూసుకుని నిదానంగా వస్తా."

"వేస్తాలే. నువ్వు తప్పిపోతే నన్ను తిట్టేదెవరు?"

"వావిలి మండే వెయ్యవే" అని వెనక నుంచి కేకేసింది ఈదమ్మ.

అడవిలో ముందు పోయేవాళ్ళు పోకూడని బాటకు అడ్డంగా పచ్చి మండ, అంటే ఆకుల కొమ్మ, వేసిపోవడం వాళ్ళ తాతలనాటి పద్ధతి. వెనకవాళ్ళు దాన్ని చూసి రెండో బాట పడతారు. ఆ మండ వాగు ఒడ్డున పెరిగే వావిలిదే కావాలి. దాని వాసనకు ఏ జంతువూ మూతి పెట్టదు.

కలిసే పోతాం కదా అని వాగు దగ్గర ఇద్దరూ మండ విరవలేదు. చీలిక దగ్గరకు వచ్చాక లింగి వెనక్కి చూసింది. వావిలి కావాలంటే మళ్ళీ వాగు దాకా దిగాలి. పైన మొగుడు గొంతు తడిలేక పడున్నాడు. చేతికందేటంత దూరంలో మేడిచెట్టు ఉంది. లేత ఆకుల కొమ్మ ఒకటి విరిచి ఎడమ బాటకు అడ్డంగా వేసి, పైకి పోయింది.

బయ్యన్న జావ తాగి కళ్ళు తెరిచాడు. "అమ్మ రాలేదా?" అని అడిగాడు.

"వెనకాలే వస్తాంది" అంది లింగి.

పొద్దు వాలుతున్నా ఈదమ్మ రాలేదు. లింగి కిందికి పరుగెత్తింది. చీలిక దగ్గర నేలంతా దుప్పుల గిట్టల గుర్తులు. మేడికొమ్మ ఒక పక్కన పడి ఉంది, ఒక్క ఆకు కూడా లేకుండా. ఎడమ బాట తెరుచుకుని ఉంది. ఆ బాటన పోయి చూస్తే, లోయ అంచున చెట్టుకు ఆనించి ఈదమ్మ చేతికర్ర కనిపించింది. అలిసి కూర్చుందో, కాలు జారిందో తెలియదు. గూడెం గూడెమంతా దిగి వెతికినా ఆమె దొరకలేదు.

బయ్యన్న కోలుకున్నాక, ఏ మండ వేశావని పెళ్ళాన్ని అడిగాడు. మేడి అంది లింగి. "వాగు దాకా పోతే జావ చల్లారుద్దనుకున్నావా?" అన్నాడు. ఆమె తల ఊపింది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు.

లింగికి తిండి సయించలేదు. రోజూ లోయలోకి దిగి అత్తను పిలిచేది. ఒకనాడు అలిసి చీలిక దగ్గరే నిద్రపోతే కలలో ఈదమ్మ కనిపించింది. తిడుతుందనుకుని లింగి తల వంచుకుంది.

"వాడు జావ తాగాడా?" అని అడిగింది ఈదమ్మ.

"తాగాడు అత్తా."

"ఇంకేం మరి. నన్ను వెతకమాక, దొరకను. ఇక్కడ రాయి నిలుపు. ఇంకొకళ్ళు నా వెంట రాకుండా చూడు."

లింగి మరునాడే రాయి నిలిపింది. బతికినన్నాళ్ళూ పొద్దున్నే వాగుకు పోయి వావిలి మండ తెచ్చి ఎడమ బాటకు అడ్డంగా వేసింది. వచ్చేపోయేవాళ్ళు ఆ రాయికి మొక్కి, ఆ చోటును అత్తచీలిక అన్నారు.

నేటికీ ఏ జట్టు వచ్చినా అందరికంటే ముందు నడిచేవారు వాగు దగ్గర వావిలి మండ విరిచి తెచ్చి ఇక్కడ వేస్తారు. వెనకబడిన ఆఖరి మనిషి కళ్ళబడేదాకా అమ్మవారి దగ్గరే కూర్చుంటారు, అంతవరకు స్వామి దర్శనానికి పోరు. ఇంట్లో జ్వరంపడ్డవాళ్ళు ఉంటే జొన్న జావ తెచ్చి నైవేద్యం పెడతారు. జబ్బు తగ్గుతుందని, దూరాన ఉన్నవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరుతారని నమ్మకం. మొక్కు తీరినవాళ్ళు రాయి ముందు నిలబడి, "తాగాడు అత్తా" అని చెప్పి వెళ్తారు.