యజమానికి తప్ప అందరికీ

తెలివంటే తమ ఇంట్లోనే పుట్టిందని నమ్మిన అన్నదమ్ములు ముగ్గురు మొగలిపాలెంలో ఉండేవారు. పెద్దవాడు సన్యాసిరావు, నడిమివాడు బంగారయ్య, చిన్నవాడు గవరయ్య. ముగ్గురి తెలివినీ కూడినా సున్నాయే, హెచ్చవేసినా సున్నాయే. అయినా ఎండాకాలం వస్తే తలకు తడిగుడ్డ చుట్టుకోకుండా గడప దాటేవారు కారు. ఎండకి తెలివి ఆవిరైపోతే మళ్ళీ ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటామని సన్యాసిరావు భయం.

తండ్రి పోతూ పోతూ వాళ్ళకొక కోల్డ్ స్టోరేజీ వదిలిపోయాడు. వరసగా చల్లటి గదులు. ఒకరు రొయ్యలు దాచుకునేవారు, ఒకరు పూలు, ఇంకొకరు అట్లపిండి. కాకినాడ నుంచి ఇంజనీరొకడు వచ్చి, ఆ గదుల చలినంతా నడిపించే సర్వరు ఒకటి ఆఫీసు పక్క గదిలో పెట్టాడు. అద్దెకున్నవాళ్ళు తమ గది చలిని ఫోనులోనే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వెళ్ళేటప్పుడు ఇంజనీరు, సర్వరుకి వేడి చెయ్యకుండా చూసుకోమన్నాడు. అంతే. రోజూ పొద్దున్నే సన్యాసిరావు దాని ముందు చెంబుడు మజ్జిగ పెట్టేవాడు. అది తాగేది కాదు. కాసేపు చూసి, తనే గడగడా తాగేసి, "నీ బదులు నేను తాగాను, చల్లబడు" అని దానికి చెప్పి వచ్చేవాడు.

ఒకరోజు పూలకొట్టు సులేమాను వచ్చాడు. అతనిది ఏడో గది. ఫోనులో ఏడు నొక్కబోయి రెండు నొక్కాడట. వెంటనే కనకవల్లి రొయ్యల గది వచ్చి, చలి పెంచాలా తగ్గించాలా అని అతన్ని అడిగిందట.

"సన్యాసిరావుగారూ, మీ సాఫ్ట్‌వేరు వచ్చినవాడి పేరు అడుగుతోంది గానీ, వాడికి ఏ గది మీద హక్కుందో చూడటం లేదండీ. ఎవరైనా ఎవరి గదిలోనైనా వేలు పెట్టొచ్చు. తలుపులు బార్లా తీసి ఉన్నట్టే."

సన్యాసిరావు లేచి వెళ్ళి తలుపులన్నీ చూసొచ్చాడు. అన్నీ వేసే ఉన్నాయి. పాపం, పూలమ్ముకునేవాడికి తీసిన తలుపుకీ వేసిన తలుపుకీ తేడా తెలియదనుకున్నాడు. అయినా ఎందుకైనా మంచిదని గవరయ్యని పిలిచి, సర్వరు గదికి పెద్ద తాళం వేసి, తాళంచెవి అన్నిటికంటే భద్రమైన చోట పెట్టమన్నాడు. తాళం పడబోయే ఆ గదికంటే భద్రమైన చోటు ఊళ్ళో ఇంకేముంది? గవరయ్య తాళంచెవిని సర్వరు పక్కనే పెట్టి, బయటికొచ్చి, టక్కున తాళం నొక్కేశాడు.

సులేమాను ఊరుకోలేదు. ఇంజనీరుకి ఫోను కలిపి బంగారయ్య చేతికిచ్చాడు. తను వచ్చేదాకా, వచ్చినవాడు యజమానో కాదో కనుక్కున్నాకే గదులు ముట్టుకోనిచ్చేట్టు చెయ్యమన్నాడు ఇంజనీరు. అదెంత పని అనుకున్నాడు బంగారయ్య. తన ఫోనులోంచే సాఫ్ట్‌వేరులో ఒక ప్రశ్న చేర్చాడు: మీరు యజమానా? అవునంటే అన్ని గదులూ మీవే. కాదంటే దయచేయండి.

"దొంగ వచ్చి అవునంటేనో?" అని అడిగాడు సులేమాను.

"ఎందుకంటాడు? అబద్ధమాడకూడదని బళ్ళో వాడికీ చెప్పే ఉంటారుగా."

ఇంకేముంది. ఊళ్ళో ఫోనున్న ప్రతివాడూ యజమానే అయ్యాడు. హోటలు వీర్రాజు తన పిండి త్వరగా పులవాలని మూడో గది వెచ్చబెట్టబోయి, రెండో గది వెచ్చబెట్టి, హాయిగా భోంచేసి కునుకు తీశాడు.

మధ్యాహ్నం కనకవల్లి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ చెరువులో పండిన రొయ్యలన్నీ ఆ రెండో గదిలోనే ఉన్నాయి. సాయంత్రం లారీ వస్తుంది. మెత్తబడిన సరుకు వాళ్ళు ఎక్కించుకోరు. ఆవిడ దగ్గరున్నది పాత బటన్ల ఫోను.

"గది కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి అన్నయ్యా. ఈ పంట పోతే నాకు చెరువు కూడా దక్కదు. తొందరగా చలి పెట్టించు."

సన్యాసిరావు ఫోను తీశాడు. మీరు యజమానా అని అడిగింది. ఆలోచించాడు. పట్టా ఇంకా నాన్న పేరు మీదే ఉంది. ఎవరి మజ్జిగ తాగి బతుకుతున్నాడో ఆ సర్వరుకే అబద్ధం చెప్పడమా? కాదు అని నొక్కాడు. దయచేయమంది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ దయచేయమంది. బంగారయ్యా కాదన్నాడు, గవరయ్యా కాదన్నాడు. ఆఖరికి గోడ మీంచి నాన్న ఫోటో దింపి, అవును అని నొక్కమని ఫోను ముందు పెట్టారు. ఫోటోలో నాన్న దండం పెడుతూ ఉన్నాడు. ఒక్క వేలూ ఖాళీ లేదు.

తాళం పగలగొట్టి సర్వరు దగ్గరికైనా పొమ్మంది కనకవల్లి. గవరయ్య అడ్డం పడ్డాడు. ఆ తాళం పగలదని కొట్లో పెద్దమనిషి మాటిచ్చాడట. దాన్ని పగలగొట్టి ఆయన మాట పోగొట్టడం మర్యాద కాదన్నాడు.

"పగలగొట్టాల్సింది తాళం కాదులే, మీ బుర్రలు. అందులోనూ ఏమీ దొరకదు" అని కనకవల్లి పూలకొట్టుకి పరిగెత్తింది. సులేమాను అవును అని నొక్కి, రెండో గదికి చలి పెట్టాడు. పైవరస రొయ్యలు కొన్ని చెడ్డాయి గానీ, లారీ వచ్చేసరికి మిగతావి గట్టిగానే ఉన్నాయి.

సన్యాసిరావు మాత్రం మండిపడ్డాడు. పరాయివాడు వాళ్ళ సర్వరుతో యజమానినని చెప్పాడు కదా. ఇంజనీరుకి ఫిర్యాదు చేస్తే, ముందు సాఫ్ట్‌వేరుని సరిదిద్దే మీ పాస్‌వర్డు మార్చండి, కొత్తది ఎవరికీ తెలియకూడదు, రేపు వచ్చి మిగతాది బాగుచేస్తానన్నాడు. ఎవరికీ అంటే ఎవరికీ. తనకి మాత్రం ఎందుకు తెలియాలని బంగారయ్య తలగుడ్డతో కళ్ళకు గంతలు కట్టుకుని, చేతికి దొరికిన అక్షరాలు టకటకా కొట్టేశాడు.

మర్నాడు వచ్చిన ఇంజనీరు తాళం చూశాడు, పాస్‌వర్డు కథ విన్నాడు, దండం పెట్టి అదే బస్సులో వెనక్కి పోయాడు.

అప్పట్నుంచీ పొద్దున్నే ముగ్గురూ తలలకు తడిగుడ్డలు చుట్టుకుని పూలకొట్టు ముందు నిలబడతారు. సన్యాసిరావు సులేమాను ముందు చెంబుడు మజ్జిగ పెట్టి, అతను చెయ్యి చాచేలోపు తనే తాగేసి, అవును అని నొక్కి తమ గదులు ఒకసారి చూపించమని బతిమాలతాడు. పూలకొచ్చిన ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతారు.

సన్యాసిరావు మూతి తుడుచుకుని, వాళ్ళని జాలిగా చూస్తాడు. "నవ్వండమ్మా. మా స్టోరేజీలోకి మేమే పోలేకపోతున్నాం. ఇంక దొంగెలా పోతాడు?"